ఆరాధనకి పాత గిన్నె కోసం చల్లపల్లి దాకా

ఈ బ్లాగులో ఇంతవరకు రాసినవన్నీ తిండి కోసమో, సరదాకో చేసిన ప్రయాణాలు. ఇది మాత్రం నలుగురు కలిసి పంపిస్తే వెళ్ళింది. అక్టోబరు ఆఖరి ఆదివారం చాలా ప్రొటెస్టెంటు సంఘాల్లో సంస్కరణ ఆదివారం జరుపుకుంటారు. విజయవాడలో మా సంఘం ఈసారి దాన్ని ఘనంగా చెయ్యాలనుకుంది. ‘వారసత్వం, నూతనత్వం’ అని పేరు కూడా పెట్టారు. కమిటీలో నన్నెందుకు వేశారో దేవుడికే తెలియాలి. మూడు మీటింగులకి వెళ్ళాను, మూడింటిలోనూ తల ఊపాను, దేనికి ఊపానో ఒక్కటీ గుర్తులేదు. పెద్దవాళ్ళు హార్మోనియం, పాత కీర్తనలు అన్నారు. పిల్లలు కీబోర్డు, డ్రమ్ములు, తెర మీద పాట అన్నారు. వాళ్ళు మాట్లాడితే వాళ్ళే కరెక్టనిపించేది, వీళ్ళు మాట్లాడితే వీళ్ళే.

ఇంతలో పాస్టరుగారు (మేం అయ్యగారు అంటాం) ఒక సంగతి గుర్తుచేశారు. పూర్వం మా చర్చిలో ప్రభురాత్రి భోజనం ఒకే గిన్నెతో జరిగేదట. బల్ల ముందు అందరూ వరసగా మోకరిస్తే, అయ్యగారు ద్రాక్షరసం గిన్నె ఒకరి తర్వాత ఒకరికి పట్టేవారట. ఇప్పుడు తలా ఒక చిన్న గ్లాసు. ఆ పాత గిన్నె తెస్తే ఎలా ఉంటుందని ఆయన ఆలోచన. సెక్రటరీ జయరాజుగారు వెంటనే అందుకున్నారు. “ఈ రోజుల్లో ఒకళ్ళు తాగింది ఇంకొకళ్ళు తాగుతారటండీ? చక్కగా తెచ్చి, చుట్టూ పూలు పెట్టి, కింద కార్డు రాసి ప్రదర్శిద్దాం. చాలు.” అందరూ సరేనన్నారు. నేనూ తల ఊపాను. “ఊళ్ళు తిరిగేది మీరే కదండీ, మీరే తెచ్చెయ్యండి” అన్నారు. అప్పుడు గానీ నేను దేనికి తల ఊపానో నాకు తెలియలేదు.

అసలు ఆ గిన్నె ఎక్కడుంది? ఎందుకు పోయింది? అయ్యగారు మా సంఘానికి వచ్చి మూడేళ్ళే, గిన్నె కారడం మొదలుపెడితే పక్కన పెట్టారని ఆయన విన్నారు. ఊళ్ళో ఏదో జబ్బు వ్యాపించి, శుభ్రత కోసం మార్చారని జయరాజుగారు. ఎవరో దాత చిన్న గ్లాసులు కొనిచ్చారని మా అత్తగారు. పాత మినిట్స్ పుస్తకంలో ఒక్కటే వాక్యం ఉంది, గిన్నెను పల్లెటూరి సంఘానికి ఇవ్వడమైనదని. ఏ పల్లెటూరో రాసిన మహానుభావుడికి తోచలేదు. ఎవరో మైలవరం వైపన్నారు. ఒక శనివారం పూట అక్కడికి వెళ్ళి నాలుగు చర్చిల తలుపులు తట్టి, నాలుగు చోట్లా టీ తాగి ఉత్త చేతులతో వచ్చాను. చివరికి సంఘంలో ఒక ముసలాయన ఫోన్లో చెప్పారు. “మైలవరం కాదయ్యా, చల్లపల్లి అవతల. సువార్తమ్మగారని ఉంటారు, చర్చి తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది.”

ఆదివారం మూడు రోజుల్లో ఉందనగా గురువారం బయల్దేరాను. నా సంచిలో ఎప్పుడూ ఉండేవి రెండు: చేతులకి రాసుకునే శానిటైజరు, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళ సీసా. బయట నీళ్ళు తాగను. ఈ విషయంలో మా ఆవిడ సుధ నన్ను ఏడిపించని రోజు లేదు. ఆ పొద్దున కూడా, “నేనైతే ఆధార్ కార్డు చూపించి బస్సులో ఊరికే వెళ్ళొచ్చేదాన్ని. మీకు టిక్కెట్టూ దండగే, ఆ సీసా మోతా దండగే” అంది. ఆరున్నరకి బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా చల్లపల్లికి రెండు గంటలు, టిక్కెట్టు నూటపది రూపాయల దాకా పడుతుంది. వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కూర్చోకండి, పొద్దుటెండ మొహం మీదే కొడుతుంది. పామర్రు దాటాక రోడ్డుకి రెండు వైపులా వరి పొట్ట మీద ఉంది, కళ్ళకి హాయిగా ఉంది. నా బుర్ర మాత్రం హాయిగా లేదు. కారిపోయే గిన్నె అయితే తెచ్చి ఏం చేస్తాం? జబ్బు వల్ల తీసేసింది అయితే చుట్టూ పూలెందుకు? దారి పొడుగునా ఇదే గోల.

చల్లపల్లి సెంటర్లో దిగి ఇడ్లీ తిన్నాను, నలభై రూపాయలు, అల్లం పచ్చడి అమోఘం. అక్కడి నుంచి ఆరు కిలోమీటర్లు కాలవ గట్టు వెంట వెళ్ళాలి. షేరు ఆటోకి ముప్ఫై, కానీ నిండేదాకా కదలదు. నేను నూటయాభైకి మస్తాన్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది. “సువార్తమ్మగారి ఇల్లా? ఎక్కండి సార్. గిన్నె చూడ్డానికా?” అన్నాడాయన.

“మీకెలా తెలుసండీ?”

“ఆవిడ చింతపండుతో గిన్నె తోముతుంటే ఊరందరికీ తెలుస్తుంది సార్. రేపు సంస్కారం, అదే ప్రభురాత్రి భోజనం అన్నమాట. మా ఇంటావిడ క్యాలెండర్ చూడదు, అది చూసి నెల మొదలైందంటుంది.”

అంటే గిన్నె కారడం లేదు, వాడుతున్నారు! నేను మోసుకొచ్చిన మూడు కథల్లో ఒకటి ఆటోలోనే పోయింది.

సువార్తమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చర్చి పక్కనే రెండు గదుల ఇల్లు. వరండాలో కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళు, పక్కన స్టీలు గ్లాసు పెట్టారు. ఎండన పడి వచ్చానేమో, అలవాటు చొప్పున సంచిలోంచి నా సీసా తీసి, “నా దగ్గరున్నాయండీ” అని గటగటా తాగేశాను. ఆవిడ గ్లాసు తీసి బోర్లించి, లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి నా ముందు పెట్టారు. ఇత్తడి గిన్నె, పొడుగు కాడ, లోపల కళాయి. అంచు దగ్గర కాస్త అరిగింది. ఇది కావాల్సి వచ్చానని, ఆదివారం ఆరాధనలో ప్రదర్శనకి పెడతామని గడగడా చెప్పాను.

“ప్రదర్శన అంటే?”

“అంటే... బల్ల మీద పెడతామండీ. అందరూ చూస్తారు.”

“తాగరా?”

“లేదండీ. చిన్న గ్లాసులున్నాయి కదా.”

“అయితే ఇవ్వను బాబూ” అన్నారు, కోపమేం లేకుండా. “చూడ్డానికి ఏముంది అందులో?”

శుభ్రత గురించి జయరాజుగారు చెప్పింది అప్పజెప్పాను. అప్పట్లో జబ్బు వస్తే మార్చారట కదండీ అన్నాను. ఆవిడ నా సీసా వంక చూశారు.

“జబ్బేం రాలేదు. మా నాన్న మీ చర్చిలో గంట కొట్టేవాడు. మేం పేటవాళ్ళం. నాకు పదహారేళ్ళప్పుడు మొదటిసారి సంస్కారం ఇచ్చారు. కొత్త ఓణీ వేసుకుని వెళ్ళా. మోకరించా. అయ్యగారు గిన్నె పట్టారు, తాగా. గుడ్డతో అంచు తుడిచి నా పక్కావిడకి పట్టారు. వాళ్ళు ఊళ్ళోవాళ్ళు, కొత్తగా సంఘంలో చేరారు. ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. అయ్యగారు మళ్ళీ తుడిచారు, మళ్ళీ పట్టారు. ఆవిడ లేచి వెళ్ళిపోయి బెంచీ మీద కూర్చుంది.”

“కులం వల్లేనంటారా?” అని అడిగాను. అడగ్గానే సిగ్గేసింది.

“నువ్వే చెప్పు మరి. వచ్చే నెలకి చిన్న గ్లాసులు వచ్చేశాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు నాయనా. అన్నా బాగుండేది.”

ఆ తర్వాత సువార్తమ్మగారికి ఈ ఊరి సంబంధం కుదిరింది. ఇక్కడ పాక వేసి చర్చి మొదలుపెడుతుంటే, బీరువాలో పడున్న గిన్నెని వాళ్ళ నాన్న అడిగి తెచ్చిచ్చాడు. అప్పటి నుంచి ఈ ఊళ్ళో ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ ఇందులోనే తాగుతారు. లేచి వెళ్ళిపోయిన ఆవిడ ఎవరని అడిగాను.

“పేరు నీకెందుకు? ఆవిడా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ ఒకటే గిన్నె ఉంటుంది, ఏం చేస్తుందో పాపం” అని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. మా నాయనమ్మ వాళ్ళు ఆ రోజుల్లోనే మా సంఘంలో చేరారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ లేచి వెళ్ళిపోయింది మా నాయనమ్మేనా? కాకూడదని ఉంది, అయ్యుండొచ్చనీ ఉంది. మళ్ళీ అడగడానికి ధైర్యం చాల్లేదు. కాసిని నీళ్ళిస్తారా అన్నాను.

“ఇప్పుడేసిందా దాహం?” అని బోర్లించిన గ్లాసు తిప్పి నింపారు. రెండు గ్లాసులు తాగాను. అన్నం తిని వెళ్ళమన్నారు. గోంగూర పచ్చడి, చేపల పులుసు, మారు మాట్లాడకుండా తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఆవిడ అడిగారు. “తాగేట్టయితే తీసుకెళ్ళు. ఆదివారం నేనూ వస్తా, బస్సు ఊరికేనేగా. కానీ నా పక్కన ఎవరు మోకరిస్తారు? నా తర్వాత గిన్నె అందుకునేది?”

“నేనండీ” అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు: గిన్నె చూడ్డానికని ఊరికే జనాన్ని పంపించొద్దని. అందుకే ఊరి పేరు రాయలేదు.

రెండింటికి తిరుగు బస్సు ఎక్కాను. తువ్వాల్లో చుట్టిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విజయవాడలో దిగి సిటీ బస్సులో నేరుగా గవర్నర్‌పేట. ఆరాధన క్రమం అచ్చయ్యే ప్రెస్సు అక్కడే. అందులో ఏడో అంశం ‘పాత పాత్ర ప్రదర్శన’ అని ఉంది. మార్చాలన్నాను. “ఇది నాలుగోసారి సార్. ఇంతకీ మీ ఆరాధన పాతదా కొత్తదా? ముందు అది తేల్చుకోండి” అన్నాడు కంప్యూటరు ముందున్నాయన. అక్కడి నుంచే అయ్యగారికి ఫోన్ చేసి, విన్నదంతా చెప్పాను. “మొదటి వరస వాళ్ళకి పాత గిన్నె. తర్వాత వరసలకి గ్లాసులు. ఇష్టమైనవాళ్ళు ముందుకొస్తారు. అలా వేయించండి” అన్నారు. ఇంకో సందేహం అడిగాను. “అయ్యగారూ, మీరు ఏ వైపు నుంచి మొదలుపెడతారు?” ఎప్పుడూ మోకరించినవాళ్ళ కుడి వైపు నుంచేనన్నారు. అంటే నేను సువార్తమ్మగారికి ఎడమ పక్కన ఉండాలి. కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ చూసుకున్నాను.

ఆదివారం ఆవిడ తెల్లచీర కట్టుకుని వచ్చారు. హార్మోనియమూ మోగింది, డ్రమ్ములూ మోగాయి, రెండూ కలిసి ఒకే పాటని రెండు వేగాలతో మోగించాయి. ఏడో అంశం వచ్చింది. పాత గిన్నె అనేసరికి ముందుకి లేచింది పదిమంది కూడా లేరు. నేను గీసుకున్న బొమ్మ ప్రకారం ఆవిడకి ఎడమ పక్కన మోకరించాను. కుడి పక్కన ఎవరా అని చూస్తే జయరాజుగారు! మొదటి వరస ఆయన ఏనాడూ ఎవరికీ వదల్లేదు, ఆ రోజూ అలవాటుగా వచ్చేసినట్టున్నారు. పోనీలే, ఆయన తర్వాత ఆవిడ, ఆవిడ తర్వాత నేను అనుకున్నాను. అయ్యగారు కంగారులో ఎడమ నుంచి మొదలుపెట్టారు. గిన్నె ముందు నాకొచ్చింది. ఒప్పుకుంటున్నాను, అంచు వంక ఒక్క క్షణం చూశాను. తాగాను. ఆవిడ తాగారు. అయ్యగారు అంచు తుడిచి జయరాజుగారికి పట్టారు. సువార్తమ్మగారు తల వంచలేదు, పక్కకి తిరిగి ఆయన్నే చూస్తున్నారు. జయరాజుగారు కదల్లేదు. తర్వాత జేబులోంచి చేతిరుమాలు తీశారు. అంచు మళ్ళీ తుడుస్తారనుకున్నాను. ఆయన ఆ రుమాలుతో తన మీసం తుడుచుకుని, రెండు చేతులా గిన్నె పట్టుకుని తాగారు.

ఏది వారసత్వమో, ఏది నూతనత్వమో నాకింకా అర్థం కాలేదు. చిన్న గ్లాసులు ఒకప్పటి నూతనత్వం. ఆ గిన్నె అంతకు ముందుది, కానీ ఆ రోజు మాలో చాలామందికి అదే కొత్త. జయరాజుగారు ఎందుకు తాగారో అడగలేదు, ఆయనా చెప్పలేదు. సువార్తమ్మగారు మధ్యాహ్నం బస్సుకి గిన్నె తీసుకుని వెళ్ళిపోయారు. బస్టాండు దాకా సంచి మోసింది జయరాజుగారే. మా నాయనమ్మ సంగతి ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అడగాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

డెల్టాలో పాత చర్చిలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. నీళ్ళ సీసా తీసుకెళ్ళండి, ఎండ ఎక్కువ, బస్సులో పనికొస్తుంది. ఎవరింటి వరండాలోనైనా కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని సంచిలోంచి తియ్యకండి. వాళ్ళు గ్లాసు పెట్టేదాకా ఆగండి.