ఆఖరి మాట దాకా

సిద్దిపేటలో మా ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఒక రంగస్థల శాఖ ఉంది. శాఖ అంటే రత్నాకర్ సార్, రెండు ఫోకస్ లైట్లు, స్టోర్ రూములో ఒక విరిగిన మంచం. తెలుగు చెప్పడానికి తీసుకున్న కాంట్రాక్టు లెక్చరర్ ఆయన. నాటకాల పిచ్చి ఉందని తెలిసి యాజమాన్యం శాఖను కూడా ఆయనకే అంటగట్టింది. పిచ్చికి వేరే జీతం ఉండదు గదా.

ఏటా చలికాలంలో సార్ మూడు కొత్తకాలపు నాటకాలు వేయిస్తాడు. ఏదీ ఇంతవరకు చివరిదాకా ఆడలేదు. ముఖ్య అతిథి సగంలో వస్తాడు. టైముకు వస్తే ముఖ్యుడెట్లా అవుతాడు? ఆయన గుమ్మంలో కనబడగానే ప్రిన్సిపాల్ స్వరాజ్యలక్ష్మి మేడం మైకు అందుకుని, "కళాకారులు ఒక్క నిమిషం పక్కకు జరగాలి" అంటుంది. ఇక శాలువాలు, బొకేలు, ప్రసంగం. అవి ముగిసేసరికి హాల్లో కుర్చీలు మాత్రమే మిగులుతాయి. ఈసారి మొదటి నాటకంలో పత్తి రైతు శవంగా పడుకున్న రాకేశ్ లేచి, అతిథికి కుర్చీ వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండోదాంట్లో జడ్జి తీర్పు ఆపి కిందికొచ్చి బొకే ఇచ్చాడు. అంత వాస్తవికత సార్ కూడా రాయలేడు.

"ఒక్కటన్న ఆఖరి మాట దాకా పోవాలె. అది ఇన్నంక మనుషులు ఎట్లుంటరో సూడాలె నాకు" అన్నాడు సార్, మూడో నాటకం రిహార్సల్లో.

"అయితే గెస్టును పిలువకుండ్రి సార్" అంది మా క్లాసు త్రివేణి.

"పిలువకుంటే హాలియ్యరు బిడ్డా."

మూడోది మండల దవాఖానలో డాక్టరు కోసం కూర్చున్న ముసలామె కథ. త్రివేణే ముసలామె. స్టేజీ మీద డాక్టరు కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆయన రాడు. ఆమె చివరికి ఆ కుర్చీతోనే మాట్లాడుతుంది.

సరిగ్గా అప్పుడే అతిథి వచ్చాడు. మా దిక్కు నాయకుడు, వెనక కార్యకర్తల గుంపు. మేడం మైకు వైపు చెయ్యి చాపింది. తెర పక్కన నాతో నిలబడ్డ సార్, త్రివేణికి వినబడేలా అన్నాడు:

"ఆపకు. కుర్చీ ఖాళీగనే ఉన్నది."

త్రివేణి కర్ర పొడుచుకుంటూ మెట్లు దిగింది. మేడం చేతిలోని శాలువా తీసి నాయకుడికి కప్పింది. "వచ్చినవా డాక్టర్ సాబ్? పొద్దటిసంది నీకోసమే సూస్తున్న. రా, కూసో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోన్లన్నీ పైకి లేచాయి కాబట్టి ఆయన నవ్వుతూ కూర్చున్నాడు.

"నా మనవడు నిన్ననే పోయిండు బిడ్డా. మందుకు రాలే నేను. నువ్వెట్లుంటవో సూసి పోదామని వచ్చిన."

నవ్వు ఆయన ముఖం మీదే ఉండిపోయింది, ఎక్కడ దించుకోవాలో తెలియక. అదే ఆఖరి మాట. సార్ లైట్లు ఆర్పాడు.

"నేను మంచిగనే చేసిన గద మేడం?" అన్నాడు నాయకుడు, దిగొచ్చి.

"అద్భుతం సార్."

మర్నాడు పేపర్లో 'నటించి మెప్పించిన నేత' అని ఫొటో. రత్నాకర్ సార్ పేరు లేదు. మేడం మాత్రం ఆయన్ను మరిచిపోలేదు, మెమో ఇచ్చింది. వచ్చే ఏడు నుంచి ప్రతి నాటకంలోనూ అతిథికి పాత్ర ఉండాలట.

చాయ్ హోటల్లో పేపరు ఆయన ముందు పెట్టాను. "సూసిన్రా సార్, నాటకం ఆయనదైంది."

ఆయన దాన్ని పక్కకు జరిపాడు. "అది ఇడిసిపెట్టు. ఆఖరి మాట అయినంక జనం ఏం జేసిన్రు? చీకట్ల నాకు కనవడలే."

"ఏం జేస్తరు, అట్లనే కూసున్నరు. హుస్నాబాద్ పోరగాండ్లకు ఆఖరి బస్సు గూడ పోయింది. ఆటో మాట్లాడుకున్నరు."

"బస్సు పోయిందా?" చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఒక్కలు గూడ లేవలేదా?"

లేవలేదని చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.