ఎండకు ఉడికిన పప్పు, గ్యాస్ మీద వేసిన పోపు

ఇప్పుడు అశోక్ నగర్‌లో ఏ మిద్దె మీద చూసినా సోలార్ పలకలే. పొగ రాని కరెంటు గురించి, ఎండను వాడుకోవడం గురించి పేపర్లో రోజూ ఎవరో ఒకరు రాస్తున్నారు. ఇంతవరకు నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. అక్కడ ఒకప్పుడు మేమున్న వీధిలో ఎండతో వంట చేసి నలుగురికి పెట్టిన మొదటి మనిషిని నేను. అడగకపోయినా చెబుతాను.

తొంభైల మొదట్లో, గల్ఫ్‌లో యుద్ధం వచ్చినప్పుడు, కిరోసిన్ కోసం క్యూలు పెరిగాయి. గ్యాస్ బండ బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు నారాయణగూడలో ఒక సోలార్ కుక్కర్ కొని రిక్షాలో ఇంటికి తెచ్చాను. చూడటానికి సూట్‌కేసులా ఉంటుంది. మూత లోపలి వైపు అద్దం, దాని కింద గాజు పలక, లోపల నల్ల రంగు వేసిన నాలుగు గిన్నెలు. అద్దాన్ని ఎండకు ఎదురుగా తిప్పి పెడితే మూడు గంటల్లో అన్నం, పప్పు ఉడుకుతాయి.

మేం మొదటి అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఓనర్ గారు. మిద్దె ఆయనదే, కాబట్టి దాని మీద పడే ఎండ కూడా ఆయనదే అన్నట్టుండేది. దక్షిణం మూల నా పెట్టెకు సరిగ్గా కుదిరింది. ఓనరమ్మ గారు కూడా పాత చీర పరిచి మిరపకాయలు సరిగ్గా అక్కడే ఆరబోసేవారు. నేను చీరను జానెడు జరిపితే ఆవిడ పెట్టెను మూరెడు జరిపేవారు. మిద్దె మీది గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు నా అద్దం ముందు కూర్చుని గడ్డం గీసుకునేవారు. గాజు మీద నురగ ఎండిపోయి ఉండేది. అన్నీ తేదీలతో సహా నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది.

చివరికి పంచాయితీ ఓనర్ గారి దగ్గరికి పోయింది. ఆయనకు కోఠిలో బట్టల దుకాణం. మాట తక్కువ మనిషి.

"ఐతారం మేమిద్దరం మీ ఇంట్లనే తింటం సారూ. పొయ్యి ముట్టియ్యకుండ పప్పు ఉడికితే ఆ మూల మీకే ఇడిసిపెడ్తం. లేకుంటే డబ్బ కిందికి దించుండి" అన్నారు.

ఆదివారం తొమ్మిదింటికే కందిపప్పు, బియ్యం పెట్టి, గొడుగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. అరగంటకోసారి పెట్టెను ఎండ వైపు తిప్పాను. పదకొండింటికి ముషీరాబాద్ వైపు నుంచి ఒక మబ్బు వచ్చి సరిగ్గా నా పెట్టె మీద ఆగింది. అవతల కవాడిగూడలో కళ్లు జిగేల్‌మనే ఎండ. మా ఆవిడ పైకి వచ్చి, గ్యాస్ మీద కుక్కర్లో రెండు విజిల్స్ రానిస్తాను, ఎవరికి తెలుస్తుంది అంది. నాకు తెలుస్తుంది అన్నాను.

ఒంటిగంటకు ఓనర్ దంపతులు వచ్చి కూర్చున్నారు. రెండయింది. ఈపాటికి మిరపకాయలైతే ఎండిపోయేవని ఓనరమ్మ గారు గోడతో చెప్పినట్టు చెప్పారు. మూడు దాటాక మూత తీశాను. పప్పు వేళ్ల మధ్య వెన్నలా నలిగింది. గిన్నెలు మా ఆవిడకు అందించి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాను. నేను చేసిన తప్పు అదొక్కటే.

తిరిగి వచ్చేసరికి వంటింట్లో ఆవాలు చిటపటమంటున్నాయి. ఎల్లిపాయ, ఎండుమిర్చి వాసన ఇల్లంతా కమ్మేసింది. ఓనర్ గారు ముక్కు ఎగబీల్చారు.

"ఏంది సారూ, సూర్యుడు ఎల్లిపాయ పోపు గూడ వేస్తడా?"

నేను వంటింట్లోకి పరుగెత్తాను. మా ఆవిడ పొయ్యి ఆర్పనన్నా లేదు.

"ఇంటికొచ్చినోళ్లకు పోపు లేని పప్పు పెడితే ఎవరి పరువు పోతది? మీ డబ్బదా, నాదా?" అంది.

పొయ్యి నేనే ఆర్పి, పప్పు గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను.

ఓనర్ గారు పప్పు మూడుసార్లు వేయించుకున్నారు. చేయి కడుక్కున్నారు, వక్కపొడి నోట్లో వేసుకున్నారు, పోయొస్తమన్నారు. తీర్పు మాత్రం చెప్పలేదు. మర్నాడు ఆ మూలలో మిరపకాయలు ఉన్నాయి. పెట్టె దించమని కూడా ఎవరూ అనలేదు. వారం తర్వాత అడిగితే చూద్దామన్నారు. నెల తర్వాత అడిగితే దుకాణానికి వేళయిందన్నారు. చీటీ రాసి తలుపు కింద తోశాను. దాని వెనక ఓనరమ్మ గారు సరుకుల పట్టీ రాసుకున్నారు. అందులో మొదటిది ఆవాలు.

మేం చిక్కడపల్లికి మారి చాలా ఏళ్లయింది. మొన్న ఆ వీధిలో వెళుతూ తలెత్తి చూస్తే దక్షిణం మూలలో వరసగా సోలార్ పలకలు. మిరపకాయలకు కూడా చోటు లేదు. ఓనర్ గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఎండ విలువ తనకు మొదటినుంచీ తెలుసని పక్కింటాయనకు చెబుతున్నారు. నన్ను చూసి, తిన్నరా సారూ అని పలకరించారు.

తిండి సంగతి తర్వాత, ఓనర్ గారూ. పోపు గ్యాస్ మీద వేసిందే, ఒప్పుకుంటున్నాను. దాన్ని పక్కన పెట్టండి. ఆ ఆదివారం పప్పు ఎండకు ఉడికిందా, లేదా? మూడుసార్లు వేయించుకుని తిన్నారు కదా, మీకు తెలియకుండా ఉండదు. ఔనో కాదో ఒక్క మాట చెప్పండి. నేను గేటు దగ్గరే నిలబడతాను.