తర్వాత కొడతానన్న ఊ

దయ్యాలంటే నాకు భయం లేదు సరే, వాటిమీద ఏపాటి గౌరవం కూడా ఎన్నడూ లేదు. రాళ్లు పడుతున్నాయన్న ఇళ్లకు వెళ్లి, ఆ రాళ్లు ఏ చేతి నుంచి పడుతున్నాయో పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి. "నా కళ్లతో చూశాను" అన్నవాణ్ణి, ఏ వెలుతురులో చూశావు, ఎంత దూరం నుంచి చూశావు, నీతోపాటు ఇంకెవరు చూశారు అని నిలదీయడం నా అలవాటు. ఇప్పుడు అవే ప్రశ్నలు నాకు నేను వేసుకుంటూ ఇది రాస్తున్నాను. జరిగింది పట్టపగలు. విన్నది నేనొక్కణ్ణే కాదు.

మాది చిక్కడపల్లి. నా భార్య సుగుణ పుట్టిల్లు అడిక్‌మెట్. పురోహితుడు లేకుండా, రిజిస్ట్రారు ఎదుట సంతకాలతో మా పెళ్లయింది. నేను రాసిన ప్రతి ఉపన్యాసాన్నీ మొదట విన్నది ఆమే. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చదువుతుంటే, ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఊ కొట్టేది. కథ వినే పిల్లలు కొడతారే, ఆ ఊ.

"ఊ కొట్టెటోళ్లు లేకపోతే చెప్పెటోడు పిచ్చోడయితడు సారూ," అనేది. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పినవాణ్ణి కాను. సారూ అని పిలవడం ఆమె వెటకారం.

కానీ ఆ ఊ ఊరికే వచ్చేది కాదు. వాదన ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆమె గొంతు పలికేది కాదు. ఊ రాని చోట కాగితం మీద గీత పెట్టుకుని, ఆ వాక్యాన్ని మళ్లీ రాసుకునేవాణ్ణి. సభల్లోనూ అంతే. ముందు వరసలో కూర్చుని ఊ కొడుతూనే ఉండేది. పక్కవాళ్లు తిరిగి చూసినా ఖాతరు చేసేది కాదు.

పోయినేడాది నారాయణగూడలో ఒక హాల్లో చర్చ పెట్టారు. మరణం తర్వాత ఏమైనా మిగులుతుందా అన్నది విషయం. అవతలి పక్షాన ఒక పండితుడు, ఇవతల నేను. ముగింపులో నేను, "చనిపోయినవాళ్లు ఎక్కడా ఉండరు" అని చెప్పి, నీళ్లు తాగడానికి ఆగాను. హాలు నిశ్శబ్దంగా ఉంది. సుగుణ ఊ మాత్రం రాలేదు.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను. "అంత గట్టి మాటకి ఊ కొట్టలేదేం?"

ఆమె నవ్వింది. "గా ఒక్కదానికి తర్వాత కొడత తియ్యి. ఏం తొందరొచ్చింది నీకు?"

జబ్బు సంగతి అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. వానాకాలం దాటకుండానే ఆమె వెళ్లిపోయింది. వెళ్లిపోయింది అని రాశాను. ఎక్కడికీ వెళ్లలేదు. చనిపోయింది. ఆ రెండు మాటలకీ తేడా ఏమిటో ఇన్నాళ్లూ ఊరందరికీ చెప్పినవాణ్ణి నేనే.

కర్మకాండలు వద్దని ఆమె ముందే చెప్పింది. అదే హాల్లో సంస్మరణ సభ పెట్టి, అందరికీ ఆమె గొంతు వినిపించాలనుకున్నాను. వెతకబోతే గొంతు ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్న వీడియోలన్నీ నావి, ఆమె తీసినవి. నా మాట చెడిపోతుందని, తీసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి నిలబడేది.

మిగిలింది ఆ చర్చ వీడియో ఒక్కటే. ఎవరో ఇంటర్నెట్లో పెట్టారు. కెమెరా ముందు వరస పక్కనే ఉండటంతో ఆమె ఊలన్నీ అందులో పడ్డాయి. డౌన్‌లోడ్ చేసి చూస్తే, మాట పెదవులకు వెనకబడి వస్తోంది. నేను బల్ల చరిచి చెయ్యి తీశాక ఆ చప్పుడు వినిపిస్తోంది. నా పెదవులు తర్వాతి వాక్యం మొదలుపెట్టాక ఆమె ఊ పడుతోంది. చూసేవాళ్లకు ఆమె నా మాటకు అడ్డు తగులుతున్నట్టే ఉంటుంది. సుగుణ ఏనాడూ వాక్యం మధ్యలో ఊ కొట్టిన మనిషి కాదు. ఆమెను అలా చూపించడానికి నాకు మనసొప్పలేదు.

సుగుణ చెల్లెలు విజయ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పాఠాల వీడియోలు సరిచేసే పనిలో ఉంది. ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. నేను ఆమె భుజం మీది నుంచి తొంగిచూస్తూ తొందరపెడుతుంటే విసుక్కుంది.

"ఏంది బావా, దేవుడు లేడంటవు, దయ్యం లేదంటవు. ఓపిక గుడ లేదా నీకు? జర కూసో."

పెదవులు మూసుకుంటేనే పలికే అక్షరం పట్టుకోవాలంది. ప, బ, మ లాంటివి. తెరమీద నా పెదవులు కలిసిన చోట బొమ్మను ఆపి, శబ్దాన్ని జరిపి ఆ అక్షరాన్ని సరిగ్గా దాని కిందికి తెచ్చింది. మొదట్లో కుదిరింది. చివరికి వచ్చేసరికి మాట మళ్లీ వెనకబడింది.

"ఒక్కపారి జరిపితే అయ్యేది కాదిది. పోను పోను లేటయితున్నది. మొత్తం జర కుదించాలె," అంది.

దానికి చివర్లో ఇంకొక అక్షరం కావాలి. 'మరణం' అన్న మాటలో మ దొరికింది. ఆ రెండు కొసల మధ్య శబ్దాన్ని కొద్దిగా బిగించింది. ఈ పనిలో నా ఆఖరి వాక్యాన్ని పదేపదే విన్నాం. చనిపోయినవాళ్లు ఎక్కడా ఉండరు. ఆ తర్వాత నీళ్ల గ్లాసు, నిశ్శబ్దం. తెరమీద శబ్దాన్ని చూపించే గీత అక్కడ చదునుగా ఉంది. ఇద్దరం చూశాం.

సరిచేసిన ఫైలును సేవ్ చేసి మొదటి నుంచీ పెట్టింది. ఈసారి మాట పెదవి మీదికి వచ్చింది. నా వాక్యం ముగిసేది, సుగుణ ఊ అనేది. మళ్లీ వాక్యం, మళ్లీ ఊ. మా వంటింట్లో ఉన్నట్టే ఉంది. విజయ చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. ఆఖరి వాక్యం వచ్చింది. తెరమీద నేను గ్లాసెత్తి, తాగి, దించాను.

అప్పుడు వినిపించింది. ఊ.

తొందర లేని ఊ. బాగా ఆలోచించి ఒప్పుకున్నప్పుడు ఆమె గొంతు చివర్లో కాస్త దిగేది. అలాగే దిగింది.

విజయ వీడియో ఆపింది. "బావా, గిది ఇందాక లేకుండె."

వెనక్కి జరిపి పెట్టమన్నాను. ఉంది. చదునుగా ఉన్న గీత మీద చిన్న గుట్టలా లేచి కనబడుతోంది కూడా. డౌన్‌లోడ్ చేసిన అసలు వీడియో చూశాం. అందులో లేదు. మళ్లీ డౌన్‌లోడ్ చేశాం. లేదు. అవే రెండు అక్షరాలు పట్టుకుని మొదటి నుంచీ మళ్లీ సరిచేశాం. లేదు. ఆ ఒక్క ఫైల్లోనే ఉంది.

తర్వాత కొడతానని సుగుణ అన్న మాట అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు. అప్పుడు విజయకు చెప్పాను.

"మాటంటే మాటే మా అక్కకు," అని భోరున ఏడ్చింది.

నేను ఏడవలేదు. కారణం వెతికాను. కుదించేటప్పుడు వేరేచోటి ఊ తెగి ఇక్కడ పడిందేమోనని ప్రతి ఊ గీతనూ దీని పక్కన పెట్టి పోల్చాం. ఏదీ కలవలేదు, ఏదీ తన చోటు వదల్లేదు. మా చెవుల భ్రమ అనుకుందామా అంటే, గీతకు చెవులు లేవు. ఈ విషయాలు తెలిసిన మిత్రుడొకడు ఫైలు విని, ఎడిటింగ్‌లో ఎక్కడో ఏదో తప్పు జరిగి ఉంటుందన్నాడు. ఎక్కడ, ఏ తప్పు అని అడిగితే మళ్లీ అదే మాటన్నాడు. అవతలి పక్షంవాడు ఇలాంటి సమాధానం చెబితే నేను వేదిక దిగనిచ్చేవాణ్ణి కాదు.

ఇక సభలో ఏ ఫైలు వెయ్యాలన్నది మిగిలింది. "అక్క ఊ ఉన్నదే పెట్టు బావా. ఎవరేమనుకుంటే నీకేంది?" అని విజయ బతిమాలింది. నేను రెండోసారి సరిచేసిన, ఊ లేని ఫైలే వేశాను. నేను వివరించలేనిదాన్ని నలుగురి ముందు సాక్ష్యంగా పెట్టే హక్కు నాకు లేదు. అదీగాక ఆ ఊ సభకు చెప్పింది కాదు, నాకు చెప్పింది.

ఆఖరి వాక్యం వచ్చింది. తెరమీద గ్లాసు లేచింది, దిగింది. ముందు వరసలో కూర్చున్న విజయ నావైపు చూసింది. నేను ఎదురుచూశాను. అవును, ఎదురుచూశాను. ఏమీ వినిపించలేదు.

ఆ ఊ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అది ఆమెదే అనుకుంటే, చనిపోయినవాళ్లు ఎక్కడా ఉండరన్న నా మాటను నా భార్య చనిపోయాక ఒప్పుకుంది. మరి ఒప్పుకోవడానికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆమెది కాదనుకుంటే, నా జీవితంలో అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాటకు ఆమె ఒప్పుకోలు లేదు.

ఉపన్యాసాలు ఇప్పటికీ రాస్తున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి చదువుతాను. ఊ రాని చోట గీత పెట్టుకోవడం పాత అలవాటు కదా. ఇప్పుడు కాగితం నిండా గీతలే.