అత్తగారి ఉన్ని బనీను

మా అత్తగారు పోయారు. ఆ మాట నాకు బడిలో తెలిసింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బయట సన్నగా వాన పడుతోంది. గేటు దగ్గర సైకిలు ఆపి మా ఆయన లోపలికి వచ్చారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. తల మీద తుండుగుడ్డ అయినా లేదు. ఆయన వానలో అలా బయటికి రావడం నేనెన్నడూ చూడలేదు. అందుకే ఆయన నోరు తెరవకముందే నాకు సగం అర్థమైంది. "అమ్మ లేదు" అన్నారు. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట.

కర్మలు అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. వచ్చినవాళ్లంతా ఆమె మడి గురించీ, ఉపవాసాల గురించీ, ఆమె చేతి పులిహోర గురించీ చెప్పుకున్నారు. అవన్నీ నిజమే. తిరుపతిలో కోవెల కైంకర్యం చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడ. కానీ నాకు ఆమె గుర్తొచ్చేది వేరే చోట. సైకిలు ఒక్కనాడూ తొక్కని ఆ మనిషి, వానలో చలిలో సైకిలు తొక్కే నన్ను పొద్దున్నే ఎదురుగా నిలబెట్టుకుని, ఏది లోపల, ఏది పైన అని ఒక్కొక్కటే తొడిగి పంపేది. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను.

డెబ్బైల్లో మేము పలమనేరులో ఉండేవాళ్లం. మామగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో అత్తగారు, మా ఆయన, నేను. నాకు ఉద్యోగం వచ్చింది కానీ బడి మొగిలి ఘాటు రోడ్డు దిగాక, పెద్దరోడ్డు నుంచి లోపలికి పోయే ఒక పల్లెలో. బస్సుకూ బడిగంటకూ పొత్తు కుదరలేదు. పెళ్లికి ముందు నుంచీ నాకు సైకిలు వచ్చు. సైకిలు మీద పోతానన్నాను.

మా ఆయన తల వంచుకున్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు. కారణం ఆ తర్వాత ఆయనే చెప్పారు. ఆయనకు ఒక అన్న ఉండేవాడు. నేను చూడలేదు. బంగారుపాళ్యంలో గుమాస్తా పని చేస్తూ, అదే ఘాటులో రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాడు. ఒక కార్తీకమాసంలో రోజంతా ముసురులో నాని ఇంటికి వచ్చాడు. వణుకు తగ్గలేదు. జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులకు చేరింది. చిత్తూరు ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. పెళ్లి కావలసిన కుర్రవాడు.

అది విన్నాక నేను ఉద్యోగం వద్దనుకున్నాను. అత్తగారితో చెబుదామని వంటింట్లోకి వెళ్తే, ఆమె పొయ్యి వైపు చూస్తూనే, ఎప్పుడు చేరాలి అని అడిగారు.

పలమనేరు చలి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కింద చిత్తూరులో వాన పడితే హాయిగా ఉంటుంది. పైన అదే వాన ఎముకల్లోకి దిగుతుంది. మొదటి ఏడు నాకేమీ తెలియదు. చీర మీద నూలు స్వెట్టరు, దాని మీద కాకీ రెయిన్‌కోటు. ఘాటు దిగుతుంటే గాలి కోటు గుండీల సందుల్లోంచి దూరి రొమ్ము మీద కొట్టేది. తడిసిన చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకునేవి, ఒకసారి చైనులో పడి చిరిగిపోయాయి. సాయంత్రం ఘాటు ఎక్కుతూ సైకిలు తోసుకొస్తుంటే అదే కోటు లోపల చెమటతో ఉడికిపోయేదాన్ని. పైకి వచ్చి మళ్లీ సైకిలెక్కగానే ఆ చెమట మంచులా చల్లబడేది. ఒకనాడు ఇంటి ముందు దిగి, హ్యాండిల్ మీది నుంచి వేళ్లు విప్పలేకపోయాను. అత్తగారు ఒక్కొక్క వేలూ విప్పి, తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దారు. ఆమె చేతులూ వణుకుతున్నాయి.

ఆ వారంలోనే ఒక గొర్రెల కాపరి వానకు మా చూరు కింద నిలబడ్డాడు. నెత్తి నుంచి మోకాళ్ల దాకా గొంగళి కప్పుకుని ఉన్నాడు. అత్తగారు మజ్జిగ ఇస్తూ, గొంగళి తడవదా అప్పా అని అడిగారు. తడవకేం తల్లీ, కానీ తడిసినా ఉన్ని చల్లబడదు, నూలు తడిస్తే ఒంట్లో వేడి తాగేస్తాది అన్నాడతను. అతను వెళ్లిపోయాక కూడా ఆమె ఆ చెంబు పట్టుకుని అక్కడే చాలాసేపు ఉండిపోయారు.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి నడవలో ట్రంకుపెట్టె తెరిచి ఉంది. ఆమె ఒళ్లో బూడిదరంగు ఉన్ని స్వెట్టరు, మగవాళ్లది. మడత నలగని కొత్త స్వెట్టరు. దాని అంచు విప్పి, దారం లాగి, ఉండ చుడుతున్నారు. ఎవరిదో నాకు తెలుస్తూనే ఉంది. వద్దత్తా అన్నాను. ఆమె చుట్టడం ఆపలేదు.

"ఆ పొద్దు వాడు దీన్ని వేసుకుంటానన్నాడు. నేనే వద్దన్నాను. కొత్తది, వానకు పాడైపోతాది, నూలు చొక్కాలో పోరా అన్నాను." కాసేపు దారం చుట్టి, మళ్లీ అన్నారు: "స్వెట్టరును కాపాడినాను అమ్మణ్ణీ."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడవలేదు. దారం ఉండ పెరుగుతూ ఉంటే, స్వెట్టరు చెయ్యి ఒకటి మాయమైపోయింది, తర్వాత రెండోది.

ఆ ఉన్నితో నాకు బిగుతుగా ఒంటికి అతుక్కునే పొట్టి చేతుల బనీను అల్లారు. రవికె కింద, చర్మాన్ని తాకేలా వేసుకోమన్నారు. గుచ్చుకుంటుందని సణిగితే, మడికి పనికొచ్చిన ఉన్ని చలికి పనికిరాదా అనేవారు. మిగిలిన దారంతో చేతి తొడుగులు. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టలేవు, బ్రేకు పట్టలేకపోతే ఘాటు నిన్ను ఆగుదామన్నా ఆగనివ్వదు అని ఆమె లెక్క.

అక్కడి నుంచి మొదలైంది. ప్రతి సాయంత్రం నేను విప్పిన బట్టలు పొయ్యి దగ్గర దండెం మీద ఆరేసే ముందు ఆమె ఒక్కొక్కదాన్నీ తడిమి చూసేవారు. భుజాల మీద తడి ఉంటే వాన తడి, వీపు మధ్యలో ఉంటే చెమట తడి. వాన తడి అయితే కోటు కుట్లకు మైనం రుద్దేవారు. చెమట తడి అయితే నన్ను కోప్పడేవారు. ఎక్కేటప్పుడు కోటు విప్పి క్యారియరుకు కట్టాలి, పైకి వచ్చాక ఒళ్లు చల్లబడకముందే తొడగాలి. "బయటి వాన కన్నా లోపలి వాన చెడ్డదమ్మా" అనేది ఆమె మాట. పొద్దున ఘాటు దిగడానికి మాత్రం రొమ్ముకు అడ్డంగా పాత న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి గుండీలు వేసేవారు. కింద బడికి చేరాక ఆ పేపరు తీసేస్తే, దాని వెనక నా ఒళ్లు వెచ్చగా ఉండేది.

రెయిన్‌కోటు టోపీ ఆమెకు నచ్చలేదు. తల తిప్పితే టోపీ తిరగదు, కంటికి అడ్డం పడుతుంది, చెవులు మూస్తుంది. వెనక వచ్చే లారీ మాట వినపడాలి కదా అని దాన్ని కత్తిరించేసి, చెవుల దగ్గర పలచగా అల్లిన ఉన్ని టోపీ ఇచ్చారు. కోటు వీపు మీద వెడల్పాటి పసుపు గుడ్డ పట్టీ కుట్టారు, ముసురులో లారీవాళ్లకు కనపడాలని. మేజోళ్ల మీద యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద చెప్పులు కట్టేవారు. ముందు మడ్‌గార్డ్‌కు పాత ట్యూబు ముక్క వేలాడదీయించారు, చక్రం చిమ్మే నీళ్లు పాదాల మీద పడకుండా.

చీర సంగతే కష్టమైంది. చివరికి ఆమే ఒక రోజు ముదురు రంగు పైజామా, మోకాళ్ల దాకా వచ్చే చొక్కా కుట్టి నా ముందు పెట్టారు. చీర మడిచి సంచిలో పెట్టుకుని బడిలో కట్టుకోమన్నారు. ఆ వీధిలో పెళ్లయిన ఆడమనిషి పైజామాతో సైకిలెక్కడం ఎవరూ చూడలేదు. ఎదురింటావిడ వచ్చి, కోడల్ని అట్లా పంపితే నలుగురూ ఏమనుకుంటారు అని అడిగింది. అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరుతూనే, నలుగురూ వచ్చి పాడె మోస్తారే, అప్పుడేమీ అనుకోరు కదమ్మా అన్నారు.

ఇట్లా కొన్ని వానకాలాలు గడిచాయి. నాకు ఒక్క జలుబైనా చేయలేదు అంటే అబద్ధం, చేసింది. అప్పుడల్లా ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. నా జ్వరం తగ్గేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ తర్వాత ఒక ఏడు పెద్ద తుపాను వచ్చింది. బడి మధ్యాహ్నమే వదిలేశారు. పిల్లల్ని ఇళ్లకు చేర్చి నేను బయలుదేరేసరికి ఆలస్యమైంది. ఘాటులో చెట్లు విరిగి పడి ఉన్నాయి. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కొమ్మల మీదుగా సైకిలు ఎత్తి దాటించుకుంటూ, కోటు విప్పుతూ తొడుగుతూ, ఆమె చెప్పినట్టే నెమ్మదిగా ఎక్కాను. ఒళ్లు వెచ్చగానే ఉంది. భయం వేయలేదు.

ఘాటు పైన ఆగిన లారీల వరసలో ఒక కూరగాయల లారీ పక్కన, ఎవరో ముసలావిడ రోడ్డు మధ్యకు వచ్చి కిందికి తొంగి చూస్తోంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. మా అత్తగారు. ఒంటి మీద నూలు చీర తప్ప ఏమీ లేదు. అది తడిసి నీళ్లు కారుతోంది. తలకు గుడ్డ లేదు, కాళ్లకు చెప్పులు లేవు. ఇంకొకరు తాకిన నీళ్లు ముట్టని మనిషి, టమాటా బుట్టల మధ్య కూర్చుని అంతదూరం వచ్చారు. పెదవులు నల్లబడి ఉన్నాయి. చేతుల్లో మాత్రం ప్లాస్టిక్‌లో చుట్టిన మూట ఒకటి గట్టిగా పట్టుకున్నారు. అందులో నాకోసం పొడి బట్టలు.

"ఇట్లా వచ్చినారేమత్తా" అన్నాను.

"నువ్వు యాడుండావో తెలీలేదమ్మా" అన్నారు. మాట పళ్ల మధ్య ముక్కలైపోతోంది.

లారీ చాటుకు తీసుకెళ్లి, తడిచీర విప్పి, నాకోసం తెచ్చిన పొడి చీర ఆమెకే చుట్టాను. అయినా వణుకు ఆగలేదు. అప్పుడు నేను చొక్కా, రవికె విప్పి, నా ఒంటి వేడితో ఉన్న ఆ బూడిదరంగు బనీను తీసి ఆమెకు తొడగబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపారు. వద్దు, వాడిది, నేను వేసుకోకూడదు అన్నారు. ఆమె అలా చిన్నపిల్లలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"వాడిదే అత్తా. వాడే ఇస్తున్నాడనుకోండి" అన్నాను.

చేతులు పైకెత్తారు. తొడిగాను. గుండీలు లేని ఆ ఉన్నిని రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని, లారీ చక్రానికి ఆనుకుని, అన్నేళ్లుగా నేను ఎదురుచూసిన ఏడుపు ఆ వానలో ఏడ్చారు. పెద్దగా కాదు. కొడుకు పేరు మాత్రం పలికారు. ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు, అదే చివర.

వాన కాస్త తెరిపి ఇచ్చాక ఆమెను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. నాలుగు రోజులు మంచం పట్టి లేచారు. ఆ సంగతి మళ్లీ మా మధ్య రాలేదు. మంచం దిగిన నాటి నుంచి పొద్దున్నే నన్ను నిలబెట్టి తొడిగేటప్పుడు మాత్రం ఆమె చేతుల్లో మునుపటి వణుకు లేదు.

తర్వాత మాకు చిత్తూరు బదిలీ అయింది. బడి ఇంటికి దగ్గర. చలి లేదు, ఘాటు లేదు. ఆమెకు చేయడానికి పని లేకుండా పోయింది. వాన వస్తే వసారాలో పీట వేసుకుని, దారిన పోయేవాళ్లను చూస్తూ కూర్చునేవారు.

పోయిన నెలలో, ఆమె చూసిన చివరి పెద్దవానలో, సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుని ఒకతను పల్చటి చొక్కాలో తడుస్తూ పోతున్నాడు. ఆమె పీట మీది నుంచి లేచి, వసారా అంచు దాకా వచ్చి, "ఓ అబ్బా, కాసేపు నిలబడి పో" అని పిలిచారు. వాన హోరులో అతనికి వినపడలేదు. తల వంచుకుని తొక్కుకుంటూ మలుపు తిరిగిపోయాడు. ఆమె చెయ్యి మాత్రం ఇంకా చాచే ఉంది. చూరు నీళ్లు ఆ అరచేతిలో నిండుతున్నాయి, వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి.