నల్లజాతి కేంద్రానికి మేం తోలిన జనం

ఒక జాతి, ఒక గది, ఒక అన్యాయం, దాన్ని ఎదిరించిన వీరులు. నాలుగు సంపుటాలకు సరిపడా సరుకుందని మొదట నేనూ అనుకున్నాను. తీరా రాయబోతే రెండు పేజీలు కూడా నిండేలా లేదు. పైగా వీరుల్లో ఎక్కువమంది బిర్యానీ కోసం వచ్చినవాళ్లు.

మెల్‌బోర్న్‌లో నేను చదివే యూనివర్సిటీలో, క్యాంటీన్ వెనక, నల్లజాతి విద్యార్థుల సాంస్కృతిక కేంద్రం ఉంది. పేరు విని లోపల డప్పులూ నృత్యాలూ ఉంటాయనుకున్నాను. రెండు సోఫాలు, ఒక మైక్రోవేవ్ ఉన్నాయి. నన్ను అక్కడికి తీసుకెళ్లింది నా ప్రాజెక్టు పార్ట్‌నర్. వాళ్ల అమ్మానాన్నలు దక్షిణ సూడాన్ నుంచి వచ్చారు. వాడు పుట్టి పెరిగింది ఇక్కడే. ఇప్పుడు ఊరి శివారు ట్రుగనీనాలో మా అద్దె ఇంటికి పక్క వీధిలో ఉంటాడు. మేం వెళ్లేసరికి ఒకమ్మాయి ఇంకో అమ్మాయికి సన్నజడలు అల్లుతోంది. రాత్రంతా గోడౌన్‌లో పనిచేసి వచ్చినతను సోఫాలో నిద్రపోతున్నాడు. సంస్కృతి గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

"ఇక్కడ ఏం చేస్తారు?" అని అడిగాను.

"లైబ్రరీలో కూర్చుంటే సెక్యూరిటీ వచ్చి నన్నొక్కణ్ణే ఐడీ చూపించమంటాడు. ఇక్కడ ఎవడూ అడగడు. దట్స్ ఇట్, బ్రో."

"నన్నెప్పుడూ అడగలేదే?"

"నీ మొహం చూస్తే స్టేప్లర్ కూడా ఎత్తుకెళ్లేలా లేవు మరి."

సెమిస్టర్ మధ్యలో కబురొచ్చింది. ఆ గది ఎక్కువగా ఖాళీగా ఉంటోందట, అందరికీ పనికొచ్చే లౌంజ్‌గా మారుస్తారట. ముందు బిల్డింగుల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి చూస్తుందట. నా పార్ట్‌నర్ చెల్లెలు వచ్చే ఏడాది ఇదే యూనిలో చేరబోతోంది.

"లైబ్రరీలో ఒక్కసారి ఐడీ అడిగితే చాలు, అది మళ్లీ అటు వెళ్లదు," అన్నాడు. "ఈ గది కూడా లేకపోతే చదువే మానేస్తుంది."

ఖాళీ జబ్బుకు నాకు తెలిసిన మందు ఒకటే. మా వైపు మీటింగ్ గ్రౌండు ఖాళీగా కనిపిస్తే లారీల్లో జనాన్ని తోలి, చేతిలో బిర్యానీ పొట్లం పెడతారు. ఇక్కడ లారీలు దొరకవు కాబట్టి కార్లున్న మా రూమ్మేట్‌ను, వాడి ఫ్రెండ్స్‌ను కదిపాను.

"ఏం మీటింగ్ రా?" అన్నాడు రూమ్మేట్. వాడిది కరీంనగర్.

"మీటింగ్ కాదు. వచ్చి కూర్చోవాలి, అంతే."

"స్పీచ్‌లు ఉంటయా?"

"ఉండవు."

"చికెనా, వెజ్జా?"

"చికెన్."

"ఎన్ని కార్లు గావాలె మామా?"

బిల్డింగుల ఆఫీసావిడ వచ్చేసరికి గది కిటకిటలాడుతోంది. సోఫా చేతుల మీద, నేల మీద, మైక్రోవేవ్ పక్కన, ఎక్కడ చూసినా మావాళ్లే. జడల అమ్మాయిలు చోటు చాలక కారిడార్‌లో నిలబడ్డారు. నా పార్ట్‌నర్ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటిది?" అన్నాడు, మెల్లగా.

"క్రౌడ్."

"ఎవరి క్రౌడ్, మేట్?"

ఈ ప్రశ్న నాకు అంతవరకు తట్టలేదు.

ఆవిడ మాత్రం తెగ సంతోషించింది. "అప్పుడే అందరూ వాడేస్తున్నారుగా! బోర్డు మార్చి లౌంజ్ అని పెడితే సరిపోతుంది," అంది.

"రైతా కూడా ఉంది ఆంటీ," అంటూ రూమ్మేట్ ఆవిడ చేతిలో ఒక పొట్లం పెట్టాడు.

నా పార్ట్‌నర్ పక్కకెళ్లి చెల్లెలికి ఫోన్ చేశాడు. వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. అందులో నాకర్థమైన ఒకే ఒక్క మాట, బిర్యానీ.

ఆవిడతో పాటు ఫైర్ సేఫ్టీ ఆయన కూడా వచ్చాడు. ఆయన తినలేదు. జనాన్ని చూశాడు, గుమ్మాన్ని చూశాడు, మళ్లీ జనాన్ని చూశాడు.

కొన్నాళ్లకు నిర్ణయం వచ్చింది: లౌంజ్ లేదు, కేంద్రం ఉన్నచోటే ఉంటుంది. మరుసటి ఏడు వాడి చెల్లెలు మా యూనిలోనే చేరింది. ఇప్పుడు సోఫాలో సగం దానిదే.

"మొత్తానికి నా జనం గెలిపించారు," అన్నాను.

"నీ జనాన్ని చూసి ఆ ఫైర్ సేఫ్టీ ఆయన భయపడ్డాడు," అన్నాడు వాడు.

ఆయన రిపోర్టు ప్రకారం, లౌంజ్ అంటే ఆ మాత్రం జనం రోజూ వస్తారు. అంతమంది ఉండే గదికి రెండో తలుపు ఉండాలి. అది పెట్టాలంటే మగవాళ్ల టాయిలెట్ గోడ పగలగొట్టాలి, ఆ గోడలో నీళ్ల పైపులున్నాయి.