పేతురు ఫోటో

బోధన్ ఫుట్‌బాల్ జట్టులో పేతురు కుడి అంచున ఆడేవాడు. ముందు భూమేష్ ఒక్కడే. మిగతావాళ్లంతా వాడికి బంతి అందించాలి. ఒకడి పేరు కోసం అందరూ రొప్పుతూ పరుగెత్తడాన్ని కోచ్ ఫార్మేషన్ అనేవాడు.

సెలెక్షన్ మ్యాచ్‌లో అవతలి జట్టు గోల్‌కీపర్ జారిపడ్డాడు. ఖాళీ గోల్ పేతురు ముందే ఉంది. అయినా అలవాటు కొద్దీ బంతిని భూమేష్‌కే నెట్టాడు. మర్నాడు పేపర్లో గోల్ కొట్టిన భూమేష్ ఫోటో, పక్కన పేతురు మోచేయి. స్పోర్ట్స్ కోటాలో భూమేష్ కానిస్టేబుల్ అయ్యాడు. పేతురు ఆటో నడుపుతున్నాడు.

మొన్న నిజామాబాద్ బస్టాండ్ దగ్గర, ఖాకీ చొక్కా వేసుకోలేదని భూమేషే అతని ఆటో ఆపాడు.

"నన్ను గుర్తువట్టినవా భూమేషు?"

"గుర్తువట్టకేందన్నా. నువ్వు గా పాస్ ఇయ్యకుంటే నాకీ నౌకరి ఏడిది? జర గిటు సూడు, ఫోటో తీస్త."

చలానా ఫోటోలో పేతురు ఈసారి నిండుగా పడ్డాడు.