నాలుగో ఆవర్తనంలో దగ్గు

మా మృదంగం మేష్టారు పోయి రెండు వారాలయింది. ఆ మంగళవారం పొద్దున్న శృంగవరపుకోట నుంచి విజయనగరం వస్తున్న బస్సులో ఉండగా ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "నిద్దట్లోనే పోయారమ్మా, బాధేం పడలేదు" అన్నాడు. ఆ తర్వాత సీట్లో కూర్చోలేకపోయాను. లేచి, తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని ఊరొచ్చేదాకా నిలబడే ఉన్నాను. ఆ బస్సు అంత నెమ్మదిగా నడిచిన రోజు నాకు గుర్తు లేదు.

ఆయన పేరు పేపర్లో రాలేదు. గుడి ఉత్సవాలకీ, హరికథలకీ మృదంగం వాయించే ఇంట్లో పుట్టిన మనిషి. నా పదకొండో ఏట ఆయన దగ్గర చేరాను. మొదటిరోజే, "ఏటే గుంటా, కూకున్నసోట కూకోలేవు? కింద సీమలున్నాయేటి?" అన్నారు. మా వైపు ఆడపిల్లని గుంట అనడం ముద్దే. చీమల మాట మాత్రం ఈరోజుకీ నిజం. ఆయన జతి చెప్పడం పూర్తికాకముందే నా చేతులు అందుకునేవి. వెంటనే నా మృదంగం మీద అరచెయ్యి వేసి ఆపేసేవారు.

"తొందర సేతులది కాదే, సెవులది. ఎదటోడు పలికీదాకా ఆగవు నువ్వు."

పాఠం అయ్యాక, మృదంగం ఎడమ మూతకి నాదం కోసం అంటించిన రవ్వముద్దను గీరి పిట్టగోడ మీద పెట్టేవారు. కాకి వచ్చి తినేదాకా మమ్మల్ని లేవనిచ్చేవారు కాదు. నా బస్సు టైమైపోతుండేది. నాకు ప్రాణం మీదికొచ్చినట్టుండేది. "వస్తాదే, ఉండు" అనేవారు గోడకేసి చూస్తూ. ఆ కాకిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

కాలేజీలో మృదంగం వదిలేసి డ్రమ్స్ పట్టాను. మరో ముగ్గురితో కలిసి బ్యాండ్ పెట్టాం. మేం వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో పాట పావుగంట నడుస్తుంది, మధ్యలో తాళం మారిపోతుంది. ఈ సంగతి మేష్టారికి చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. తిడతారనుకున్నాను. నా ఫోన్‌లో ఒక పాట ఆసాంతం విని, "మద్దిలో కాఫీ తాగొచ్చినా పాట అక్కడే ఉంటాదే" అన్నారు. వేళ్ల మీద లెక్కేసి, "ఏడు మీద నడుస్తన్నాది. మిశ్రచాపు. నా దగ్గిర నేర్సిందే కదా" అని నవ్వారు. లోపలికి వినపడేలా భార్యతో, మేమంతా అమ్మగారు అంటాం ఆవిడని, "మన గుంట కాళ్లతో కూడా వాయిస్తాదట!" అని కేకేశారు.

మా మొదటి ఆల్బమ్ మేమే రికార్డు చేసి, మేమే నెట్‌లో పెట్టుకోవాలనుకున్నాం. కంపెనీ లేదు, స్టూడియో లేదు. బేస్ గిటార్ వాయించే మిత్రుడి నాన్నగారికి రాజాంలో ధాన్యం గోదాం ఉంది. పంట ఇంకా రాని రోజులు కావడంతో అది ఖాళీగా ఉంది. గోడలకి గోనెలు కట్టి, నేల మీద గోనెలు పరిచి అందులో పని మొదలుపెట్టాం. చివరి పాట నడుమ ఎనిమిది ఆవర్తనాల పాటు, అంటే తాళం ఎనిమిది చుట్లు తిరిగేదాకా, ఒకరు నోటితో జతులు చెప్పాలి, డ్రమ్స్ ఆ పక్కనే నడవాలి. ఎవరు చెప్పాలో నాకు ముందే తెలుసు.

అడగగానే మేష్టారు, డెబ్బై దాటిన మనిషి, ఒక్కరే బస్సెక్కి వచ్చారు. గోదాం నాలుగు మూలలా చప్పట్లు కొట్టి చూసి, "దుమ్మున్నాది గానీ సౌండు బాగున్నాది" అన్నారు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని రికార్డు చేశాం. మూడు ఆవర్తనాలు గింజ రాలకుండా వెళ్లాయి. నాలుగోదాంట్లో దగ్గొచ్చింది. 'తకిట' అన్నారు, 'తకధిమి' రాలేదు. ఐదోదాని మొదటి దెబ్బకి మళ్లీ అందుకుని చివరిదాకా చెప్పారు.

"ఇంకొకపాలి సెప్తానే" అన్నారు, తువ్వాలుతో నుదురు తుడుచుకుంటూ.

నేను వద్దన్నాను. "చాలా బాగా వచ్చింది మేష్టారూ."

అది అబద్ధం. ఆయన బస్సెక్కాక, కీబోర్డు వాయించే మిత్రుడూ నేనూ కూర్చుని నాలుగో ఆవర్తనాన్ని కోసేశాం. మూడోదాన్నే కాపీ చేసి అక్కడ అతికించాం. ఆయన గొంతు నా మైకుల్లో, నా డ్రమ్స్ ఆయన మైకులో కలిసిపోయి ఉన్నాయి కాబట్టి రెండూ కలిపే కోయాల్సి వచ్చింది. విన్నవాళ్లెవరికీ తెలియలేదు. ఆ పెద్దాయన ఎవరని మాత్రం అందరూ అడిగారు.

ఆల్బమ్ బయటకొచ్చాక ఆయన ఇంటికెళ్లి, నా హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. తొడ మీద తాళం వేస్తూ వింటున్నవారు ఒకచోట చెయ్యి ఆపేశారు. పాట అయ్యాక హెడ్‌ఫోన్స్ తీశారు.

"నాలుగోది ఏదే?"

"ఉంది కదా మేష్టారూ."

"మూడోది రెండుపాల్లున్నాది. నాలుగోది నేదు."

"దగ్గొచ్చింది కదా, మీకు బాగుండదని తీసేశాం" అన్నాను. ఆయన పరువు కోసమే చేశానని అప్పటికి నమ్మాను కూడా.

"నా దగ్గు పోతే పోనాది. నేను తకధిమి వదిలీసినప్పుడు నువ్వేటి సేసినావో ఇన్నావా?"

వినలేదు. దగ్గు తగలగానే నాకు కత్తెరే గుర్తొచ్చింది.

"నాలుగచ్చరాలూ నువ్వు పలికించినావే, నీ డప్పుల మీద. పలికించి నాకు అందించినావు. ఇన్నేళ్లకి ఎదటోడి మాట ఇన్నావు. అదే తీసీసినావు."

ఆ సాయంత్రమే అసలు రికార్డింగ్ తీయించి విన్నాను. దగ్గు, దాని కింద నా చేతుల నాలుగు దెబ్బలు, ఏ గాబరా లేకుండా. వాయించింది నేనేనా అనిపించింది. మార్చి మళ్లీ పెడదామంటే లీడ్ గిటార్ వాయించే మిత్రుడు ఒప్పుకోలేదు. "బయటికెల్లిపోయిన పాటని మల్లీ కెలుకుతావేటి? దగ్గుతో పెడితే జనం నవ్విపోతారు." నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. జనం నవ్వుతారన్న భయం నాకూ ఉంది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నెలలు గడిపేశాను. మేష్టారు ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని తెలిశాక ఇక ఎవరినీ అడగకుండా, నాలుగోదాన్ని దగ్గుతో సహా తిరిగి పెట్టేశాను. గిటార్ మిత్రుడు మూడు రోజులు మాట్లాడలేదు. మేష్టారికి ఫోన్ చేసి చెబితే, "ఇంటాన్లే. ముందు నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు. విన్నారో లేదో అడుగుదామనే ఆ మంగళవారం బయల్దేరాను.

పన్నెండో రోజు దాటాక, చుట్టాలంతా వెళ్లిపోయాక, అమ్మగారిని అడిగాను.

"ఏమోనమ్మా" అన్నారావిడ. "ఆ ఫోనులో పాట పెట్టడం ఆరికీ రాదు, నాకూ రాదు. అల్లుడొస్తే పెట్టించుకుంటానన్నారు. పెట్టించుకున్నారో నేదో."

ఏం చెయ్యాలో తోచక నా హెడ్‌ఫోన్స్ ఆవిడ చెవులకి పెట్టాను. గిటార్ల మోతకి ముఖం చిట్లించారు. ఆయన గొంతు రాగానే రెండు చేతులూ చెవుల మీదికి వెళ్లాయి, హెడ్‌ఫోన్స్ జారిపోతాయేమో అన్నట్టు. నాకేమీ వినపడదు. ఫోన్‌లో సెకన్లు చూస్తూ ఆవర్తనాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

నాలుగోదాంట్లో, దగ్గు వచ్చే చోట, ఆవిడ హెడ్‌ఫోన్స్ లాగేసి, నేల మీద చెయ్యి ఆనించి గబగబా లేచారు. వంటింట్లోకి వెళ్లి, నిండు మంచినీళ్ల గ్లాసుతో తిరిగొచ్చి, గుమ్మంలో ఆగిపోయారు.